తోలుకూ పుస్తకానికీ మధ్య ఒక గుడ్డ

మా ఇంట్లో తోలుకు ఒక మూల, పుస్తకాలకు ఒక మూల. నేను కోడలిగా అడుగుపెట్టిన నాటికే ఆ ఏర్పాటు ఉంది. తూర్పు గోడ నీడన మా మామ చెప్పులు కుట్టే చోటు. అక్కడ ఒక రాతి బండ, తోలు కోసే రంపె, బెజ్జాలు పొడిచే ఆరె, దారానికి రుద్దే మైనం ముద్ద, తోలు నానేసే మట్టి కుండ. పడమటి గదిలో గోడ అలమరలో పుస్తకాలు, అప్పట్లో మా ఆయనవి, తర్వాత మా పాపవి. నడుమ వాకిలంత దూరం. మామ ఆ దూరాన్ని ఏనాడూ తగ్గనివ్వలేదు.

మా పాప చిన్నప్పుడు పలక పట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తేది. ఆయన చేతిలో పని ఆపేసేవాడు. తోలు ముక్కలన్నిటి మీద గోనెసంచి కప్పి, చేతులు బూడిదతో తోముకుని, తుండుగుడ్డతో తుడుచుకుని, అప్పుడు పిలిచేవాడు. అప్పుడు కూడా పలకను చేత పట్టేవాడు కాదు. దాన్ని పాప పట్టుకుంటే ఆయన చూసేవాడు. చదవడం రాదు కనుక అందులో ఏముందో ఆయనకు తెలియదు. అయినా చాలాసేపు చూసి తలూపేవాడు.

మాది జనగామ దగ్గర పల్లె. బస్సు దిగి పత్తి చేల నడుమ కొంత నడవాలి. నా పుట్టిల్లు కేసముద్రం. మార్కెట్ యార్డు పక్కనే ఉండేవాళ్ళం. నాలుగో తరగతి దాకా చదివి, ఆ తర్వాత అమ్మ వెంబడి యార్డుకు మిర్చి తొడిమలు తీయడానికి పోయాను. అక్కడ మిర్చి ఘాటుకు అలవాటు పడిన ముక్కు కాబట్టి, ఇక్కడి తోలు వాసన నన్నేమీ చేయలేదు. తోలుకూ పుస్తకాలకూ ఆయన పాటించే దూరం మాత్రం కొత్తలో వింతగా ఉండేది.

ఒకరోజు అత్త బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అడిగాను. ఆమె ఇప్పుడు లేదు. ఆ రోజు చేట మీదనుంచి తల ఎత్తకుండానే చెప్పింది. మామ చిన్నప్పుడు కొన్నాళ్ళు బడికి పోయాడట. ఒకనాడు వాళ్ళ నాయన కొత్త చెప్పుల జత సంచిలో పెట్టి, పోయే దారిలో ఒకరింట్లో ఇచ్చిపొమ్మన్నాడట. ఆ ఇంటికి తాళం ఉంది. పిల్లవాడు సంచితోనే బడికి పోయాడు. పుస్తకం కూడా ఆ సంచిలోనే, చెప్పుల మీద పెట్టి ఉంది. సారు పుస్తకం తీయమన్నాడు. తీస్తే చెప్పులకు పట్టించిన ఆముదం వాసన. సారు కొట్టలేదు, తిట్టలేదు. చేతిలో ఉన్న బెత్తంతో ఆ పుస్తకాన్ని గడప అవతలికి జరిపాడట. అంతే. మరునాటి నుంచి పిల్లవాడు బడికి పోలేదు.

"ఆ సారు మీద ఇప్పటికీ కోపముందా అత్తా" అని అడిగాను.

"కోపముంటె బాగుండు బిడ్డా," అన్నది అత్త. "తప్పు తనదే అనుకుంటడు. తోలు మీద పుస్తకం పెట్టిన గదా అంటడు."

ఆ మాట నాకు చాలాకాలం అర్థమై అర్థం కానట్టుగానే ఉండిపోయింది.

మేము తోలును ఇంట్లోనే తయారు చేసేవాళ్ళం. ఇంటి వెనకాల లంద ఉండేది. లంద అంటే తోలు నానబెట్టే గుంత. సున్నం నీళ్ళలో వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క దంచి వేసిన నీళ్ళలో తోలును రోజుల తరబడి ఊరబెట్టేవాళ్ళు. అలా చేసిన తోలుకు పండిన చింతపండు రంగు వచ్చేది. తర్వాత తర్వాత ప్లాస్టిక్ చెప్పులు వచ్చాయి. చెప్పులు కుట్టమని అడిగేవాళ్ళు తగ్గారు. మా ఇంటి వెనకనుంచి సీసీ రోడ్డు పడినప్పుడు లందను పూడ్చేశాం. మా ఆయన ఆటో కొనుక్కున్నాడు. మామ బండ దగ్గర కూర్చోవడం మాత్రం మానలేదు. తెగిన సంచులు, బెల్టులు, ఎవరైనా ముసలివాళ్ళ చెప్పులు వస్తే కుట్టేవాడు. పని లేనప్పుడు నన్ను కూర్చోబెట్టి కుట్టు నేర్పాడు. ఒకే బెజ్జంలోంచి రెండు సూదులు ఎదురెదురుగా దాటించే కుట్టు. ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది.

లంద పూడ్చే ముందు చివరిగా తీసిన తోలు ఒకటి ఆయన దాచాడు. ఇంకా ఈనని బర్రె పడ్డ తోలు అది. మెత్తన, మందం సమానంగా ఉంటుంది. పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాడు. మనుమరాలి పెళ్ళికి పెళ్ళికొడుకుకు కిర్రు చెప్పులు కుడతానని అందరికీ చెప్పేవాడు. నడిచినప్పుడు కిర్రు కిర్రుమనే చెప్పులు. అడుగుకో చప్పుడు వచ్చేట్టు తోలు పొరల నడుమ ఏదో కిటుకు చేస్తాడు. ఆ కిటుకు నాకు చెప్పలేదు. పిల్లగాడు వాకిట్లోకి రాకముందే వస్తున్నాడని తెలియాలి అనేవాడు.

పాప పెద్దదై నర్సింగు చదువుకు మానుకోట పోయింది. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా నోట ఎప్పుడూ మానుకోటే. అక్కడ హాస్టల్లో ఉండి, సెలవు వస్తే జనగామకు రైల్లో వచ్చేది. నర్సింగు పిల్లలకు రికార్డు పుస్తకాలని ఉంటాయి. లావుపాటి పుస్తకాలు, చూసిందంతా బొమ్మ వేసి రాయాలి. రైల్లో ఒత్తిడికి, హాస్టల్లో తడికి వాటి అంచులు చిరిగి, అట్టలు ఊడి వచ్చేవి. నేను ఒక పుస్తకానికి తోలు అట్ట కుట్టి ఇచ్చాను. హనుమకొండ దుకాణంలో తెచ్చిన సంచుల తోలు అది. ముందూ వెనకా జేబుల్లాంటి మడతలు, వాటిలోకి పుస్తకం అట్టలు దూరతాయి. కట్టుకోవడానికి పట్టీలాంటి ఒక తోలు వారు.

నేను అది కుడుతున్నంతసేపూ మామ మంచం అటువైపు తిప్పుకుని పడుకున్నాడు. పాప స్నేహితురాళ్ళకు అది నచ్చి తమకూ కావాలన్నారు. కుట్టాను. అయితే ఆ తోలు పైపై రంగుది. ఒక వానాకాలం గడిచేసరికి మడత దగ్గర పొట్టు లేచి, లోపలి తెల్లదనం బయటపడింది.

ఆ సంగతి మా అక్కకు తెలియదు. అక్కను కాటారం ఇచ్చారు. వాళ్ళత్తగారిది చర్చికి పోయే ఇల్లు. మేము బతుకమ్మ ఆడితే ఆమె కొబ్బరి కుడుకలు తెస్తుంది. ఆమె క్రిస్మస్ చేస్తే మేము పోయి కేకు తింటాం. వాళ్ళ చర్చి ఆడవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక పాటల పుస్తకం ఉంది. అచ్చు వేసింది కాదు. ఎక్కడ కొత్త పాట వింటే అక్కడ నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఒక్కో పుస్తకం కొన్నేళ్ళుగా నిండుతూ వచ్చింది. అడవి పక్క పల్లెలకు ప్రార్థనలకు ఆటోల్లో పోతారు కాబట్టి దుమ్ము, వాన, అన్నీ ఆ పుస్తకాల మీదే. పాప పుస్తకం ఫోటో చూసి అక్క తొమ్మిది పాటల పుస్తకాలు సంచిలో వేసుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. క్రిస్మస్‌కు వారం ముందు వచ్చి పట్టుకుపోతానంది.

తొమ్మిది మంది ఆడవాళ్ళ చేతిరాత నా ఇంట్లో ఉంది. పొట్టు లేచే తోలు వాటికి తొడగడానికి నాకు మనసొప్పలేదు. మంచి తోలు ఎక్కడుందో నాకూ తెలుసు, పాపకూ తెలుసు.

ఆ వారం పాప సెలవుకు వచ్చింది. తాత కాళ్ళ దగ్గర మంచం మీద కూర్చుంది.

"తాతా, అటక మీద తోలు నా పెండ్లికని పెట్టినవట గదా."

"నీ పెండ్లికే బిడ్డా. పిల్లగానికి కిర్రు చెప్పులు."

"గట్లయితె అది నాదే. నాకు గిప్పుడే కావాలె. పెద్దమ్మ పుస్తకాలకు అట్టలు చేపిస్త."

మామ నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "కాళ్ళకు తొడిగేటిది పుస్తకానికెట్ల తొడుగుతరు?" అన్నాడు.

"మరి డప్పు? పండుగనాడు నువ్వే దానికి బొట్టు పెట్టి మొక్కుతవు. అది తోలు గాదా?"

"డప్పు దేవుని ముందటికి పోతది బిడ్డా," అన్నాడు. "పుస్తకం సార్ల ముందటికి పోతది."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చాలా ఏళ్ళ కింద అత్త చేటలో బియ్యం కదుపుతూ చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది. ఆ బెత్తం ఇంకా మా ఇంట్లోనే ఉన్నట్టు అనిపించింది. మామ దాన్ని తనే పట్టుకుని, తోలు పుస్తకం వైపు పోకుండా అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు.

పాప మానుకోట పోయింది. నేను బండ దగ్గర దొరికిన పాత తంగేడు తోలు ముక్క ఒకటి తీసుకుని నా ప్రయత్నం నేను మొదలుపెట్టాను. అట్టకు కావలసింది పల్చదనం. మడత పెట్టే అంచును లోపలి వైపు నుంచి చెక్కి పల్చన చేస్తేనే అది ఒదిగి కూర్చుంటుంది. ఆ చెక్కడం నాకు రాదు. కుట్టే పని నాది, కోసే పని ఎప్పుడూ మామది. రంపె పట్టుకుని చెక్కితే ఒకచోట కాగితంలా వచ్చింది, పక్కన ఇటుకలా ఉండిపోయింది. ఇంకోచోట ఏకంగా చిల్లు పడింది. మామ మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు గానీ, తోలు మీద రంపె పోయే చప్పుడుకు ఆయన వీపు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. ఇంకో ముక్క మొదలుపెట్టాను. అది కూడా పోయింది. మూడోది చేతిలోకి తీసుకునేసరికి ఆయన లేచి వచ్చాడు.

"తోలును సంపుతున్నవ్ కోడలా."

"నువ్వు చెయ్యనంటివి మామా. నాకేమో రాకపాయె."

"రంపె గట్ల వట్టుకుంటె వేలు పోతది, తోలు పోతది. ఇటియ్యి."

"వేలు ముందుగాల చెప్పినవ్, సంతోషం," అన్నాను.

నవ్వకుండా కూర్చున్నాడు. బండ మీద తోలు పరిచి, ఎడమ అరచేతితో అదిమి, రంపెను పడుకోబెట్టి తోశాడు. ఉల్లిపొరలా ఒక చివరనుంచి ఇంకో చివరకు తెగకుండా లేచింది. అలా నాలుగు అంచులూ చెక్కి ఇచ్చి, చూసుకొమ్మన్నట్టు నా ముందు పడేశాడు. ఆ రోజు అంతే. మరునాడు పొద్దున నేను నీళ్ళు పట్టి వచ్చేసరికి అటక కింద నిచ్చెన వేసి ఉంది. ఆయన దుప్పటి విప్పుతున్నాడు. ఇల్లంతా తంగేడు వాసన. లంద ఉన్న రోజులు ఒక్కసారిగా ఇంట్లోకి నడిచి వచ్చినట్టుంది. నేనేమీ అడగలేదు. అడిగితే మళ్ళీ చుట్టేస్తాడేమోనని భయం.

తోలంతా ఒకటే అనుకుంటాం గానీ, దాని వీపు వేరు, పొట్ట వేరు. వీపు సాగదు, పొట్ట సాగుతుంది. పుస్తకం వీపు మీదకు తోలు వీపు భాగమే రావాలని, లోపలి జేబులకు పొట్ట భాగం సరిపోతుందని లెక్క చూసి, బొటనవేలి గోరుతో గీతలు గీశాడు. ఇక కొలతలు. పుస్తకాన్ని ఆయన చేత్తో పట్టుకోలేదు. నన్ను పట్టుకొమ్మని, తాటాకు చీలిక ఒకటి దూరంనుంచి దాని పక్కన పెట్టి, పొడవు దగ్గర ఒక మడత, వెడల్పు దగ్గర ఒక మడత పెట్టుకున్నాడు. పెద్ద ఇళ్ళవాళ్ళ పాదాలు ముట్టుకోకుండా ఆయన అలాగే కొలిచేవాడని నాకు తెలుసు. తొమ్మిది పుస్తకాలకు తొమ్మిది ఆకులు. ఏ ఆకు ఏ పుస్తకానిదో ఆయనకు చూడగానే తెలిసేది.

ఆయన కోసి చెక్కి ఇవ్వడం, నేను కుట్టడం. అలా కొన్ని రోజులు సాగింది. ఒక అట్ట అయిపోతే దాన్ని వెలుగులో తిప్పి చూసి, కుట్టు మీద వేలితో రాసి, పక్కన పెట్టేవాడు. చివరిది అయిపోయిన రోజు నేను మా ఆయనతో జనగామ బజారుకు పోయాను. వచ్చేసరికి అట్టలన్నీ చూరు కింద వరసగా ఆరేసి ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాడనుకున్నాను. చేతికి ఏమీ అంటలేదు. పుస్తకాలన్నీ వాటిలోకి దూర్చి, మడతలు కుదురుకోవాలని ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన సన్నికల్లు ఎత్తి పెట్టాను.

రెండు రోజుల తర్వాత తీశాను. మొదటి పుస్తకం తెరిచాను. మొదటి కాగితం, చివరి కాగితం, మిరపకాయ బజ్జీలు కట్టిన పొట్లం కాగితంలా అయిపోయాయి. అవతలి వైపు రాత ఇవతలికి కనిపిస్తోంది. రెండోది చూశాను. మూడోది చూశాను. అన్నీ అంతే.

ఆముదం.

కుట్టిన చెప్పును ఆముదం పట్టించకుండా మామ తన జన్మలో ఎవరికీ ఇవ్వలేదు. తోలుకు నున్నని వైపు ఒకటి, గరుకు వైపు ఒకటి ఉంటాయి. నున్నని వైపు నూనె తాగదు, గరుకు వైపు ఎంత పోసినా తాగుతుంది. అందుకే లోపలి గరుకు వైపు ఆముదం బాగా పట్టించి, ఎండలో పెట్టి, అది లోపలికి ఇంకాక ఇవ్వాలి. అప్పుడే తోలు పగలదు, నీళ్ళకు ఉబ్బదు. ఆ లోపలి వైపు ఒక పాదం ఉండే చోట ఈసారి పుస్తకం ఉంటుందన్న సంగతి ఆయన చేతులకు గుర్తురాలేదు. ఇన్నేళ్ళు చేసిన పని చేతులే చేసేశాయి. మా మూలలో ఆముదం వాసన ఎప్పుడూ ఉండేదే కాబట్టి నా ముక్కుకూ తెలియలేదు. పైగా నేను పెట్టిన సన్నికల్లు.

మామ నా ముఖం చూసి వచ్చాడు. పుస్తకం చూపించాను. ఎప్పటిలాగే దూరంనుంచి చూశాడు. చదవడం రాకపోయినా కాగితం పాడవడం ఎవరికైనా కనిపిస్తుంది.

"చెప్పిన గదా కోడలా," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అత్త అన్న మాట నాకు గుర్తొచ్చింది. "గీ రెంటికి ఒప్పదు."

రంపె, ఆరె, మైనం ముద్ద ఒక గుడ్డలో మూటకట్టాడు. అటక మీద పెట్టమని నాకిచ్చాడు. నేను పెట్టలేదు. మూటను చూరులో దోపి ఊరుకున్నాను. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. మరునాడు బండ దగ్గరికి పోలేదు. గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్న ఆయన్ను చూస్తే, తొమ్మిది పుస్తకాల కంటే నాకు ఆయనే ఎక్కువ దిగులైంది. బడి వదిలేసిన నాటి పిల్లవాడు ఇలాగే కూర్చుని ఉంటాడు. ఇప్పుడు మళ్ళీ తన చేతుల వల్లే పుస్తకం పాడైంది. ఈ పట్టింపు ఆయనతోపాటే పోతుందేమో, ఇంకెవరూ దాన్ని కదపలేరేమో అనిపించింది.

అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. రేపు వస్తున్నానంది.

కాటారంలో పొద్దున్నే బస్సెక్కి, భూపాలపల్లిలో ఒకటి, హనుమకొండలో ఒకటి మారి, అక్క వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వస్తూనే చెంబు నీళ్ళు తాగి, పుస్తకాలు తెమ్మంది. చాప మీద పరిచాను. ఒక్కోటి తెరిచి చూసింది. ఆమె ముఖంలో ఏముందో నాకు అంతుపట్టలేదు. ఆ తర్వాత మామను పిలవమంది. ఆయన బర్రెను కట్టే కొట్టంలో ఉన్నాడు. పిలిస్తే రాలేదు. అక్కే చాప ఎత్తి, పుస్తకాలు ఒడిలో వేసుకుని కొట్టంలోకి పోయి ఆయన ముందే పరుచుకుని కూర్చుంది.

"మామా, గిటు చూడు," అంది. "గిది కొవ్వొత్తి కారింది. గిది పప్పుచారు. గిది మా ముసలమ్మది, తల కింద పెట్టుకోని పంటది, గందుకే అంచులన్ని నెత్తినూనె. గిది వాగు దాటంగ పడ్డది. మా పుస్తకాలు ఎన్నడు తెల్లగున్నయి?"

మామ ముందు తల తిప్పుకున్నాడు. అక్క ఒక్కో కాగితం తిప్పుతూ పోయింది. పసుపు చేతి గుర్తులు. చిన్నపిల్లలు గీసిన కోడిపిల్ల. వానకు అలుక్కుపోయిన సిరా. ఒక పేజీ మీద ఎవరో చీటీపాట లెక్క కూడా వేసుకున్నారు. ఆయన తల మెల్లగా ఇటు తిరిగింది. అంత దగ్గరగా ఒక పుస్తకాన్ని ఆయన చూడడం నేను అప్పుడే చూశాను. బళ్ళో సారు బల్ల మీద ఉండే పుస్తకం ఒక్కటే ఆయనకు తెలుసు. ఇలా వంటింట్లో, ఆటోలో, తల కింద బతికే పుస్తకాలు ఉంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

చాలాసేపటికి అడిగాడు. "చదువనీకి వస్తదా?"

అక్క ఆముదం తాగిన మొదటి కాగితాన్ని వాలుతున్న ఎండకు అడ్డంగా పట్టింది. ఇటు పాట, అటు పాట రెండూ కలిసి కనిపిస్తున్నాయి. కళ్ళు చిన్నవి చేసి వెతికి పాట ఎత్తుకుంది. రెండు వరసలు సరిగా పోయాయి. మూడో వరసలో వెనకవైపు పాట మాట దూరింది. పాడుతూ పాడుతూ నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది.

"జర రెండు పాటలు కలిసినయి గని, వస్తది," అంది.

"మీ పెద్దలు ఏమనరా?"

"అంటరు మామా. వాళ్ళ పుస్తకాలకు కూడా గిట్లనే కుట్టియ్యమంటరు."

మామ మీసం కింద ఏదో కదిలింది. నవ్వు అనలేను. లేచి నిలబడి, నా వైపు చూడకుండానే, తవుడు తెమ్మన్నాడు.

తవుడును పెనం మీద వేడి చేయించాడు. అట్టలను విప్పదీసి, లోపలి గరుకు వైపు ఆ వేడి తవుడు దట్టంగా పరిచి, పైన గోనె కప్పి, బరువు పెట్టాడు. కొంతసేపటికి తీస్తే తవుడు నూనె పీల్చుకుని ముద్దలు కట్టింది. దులిపేసి మళ్ళీ కొత్త తవుడు. వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడిగా రాలేదాకా అదే పని. అక్క రెండు రోజులు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె తవుడు వేయించేది, నేను దులిపేదాన్ని. నూనె తాగిన తవుడు బర్రెకు పెడితే అది కూడా పాట పాడుతుందని అక్క అంటే, మామ ఈసారి బయటికే నవ్వాడు.

నూనె పోయింది గానీ, పూర్తిగా పోయిందని ఆయన నమ్మలేదు. ఇంకో ఉపాయం ఆయనే చెప్పాడు. నా పాత నూలు చీర ఒకటి అడిగాడు. పెట్టెలోంచి ఆకుపచ్చది, ఉతికి ఉతికి మెత్తబడినది తీసిచ్చాను. దాన్ని అట్టలోపలి సైజుకు చింపించి, మైదా బంకలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, గరుకు వైపంతా ఆ గుడ్డ అంటించాడు.

"తోలు గుడ్డకు తాకుతది. గుడ్డ పుస్తకానికి తాకుతది," అన్నాడు. "ఇగ ఎవలకు పరేషాన్ లేదు."

నూనె కోసం వేసిన గుడ్డే. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూస్తే, నూనె ఒక్కటే ఆయన మనసులో లేదని తెలిసింది. వాకిలంత దూరం తగ్గి తగ్గి ఒక చీర గుడ్డ మందం దగ్గర ఆగింది. దానికంటే దగ్గరికి తీసుకురమ్మని అడగడానికి నేనెవరిని.

గుడ్డ అంటించాక కొత్త చిక్కు వచ్చింది. తాటాకు కొలతలు ఇక పనికిరావు. గుడ్డ మందానికి అట్ట బిగుతైంది. ఎక్కడ ఎంత వదులు చేయాలో పుస్తకం దూర్చి చూస్తేనే తెలుస్తుంది. నన్ను దూర్చమన్నాడు. దూర్చాను. ఎక్కడ పట్టేసిందని అడిగాడు. నాకు చెప్పడం రాలేదు. ఇటా, అటా, పైనా అని రెండు మూడుసార్లు అడిగి, విసుగొచ్చి, లేచి పోయి బూడిదతో చేతులు తోముకుని వచ్చాడు. పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు.

అక్కా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన చూశాడు.

"గట్ల చూస్తరేంది? ఖరాబు చేసుడు ముందుగాల్నే అయిపాయె. ఇగ నా చెయ్యి ఏం జేస్తది," అన్నాడు.

తొమ్మిది పుస్తకాలూ ఆయన చేతుల మీదుగానే అట్టల్లోకి పోయాయి. అక్క వాటిని సంచిలో వేసుకుని కాటారం పోయింది. పండుగ అయ్యాక ఫోన్ చేసింది. ప్రార్థనలో పాట ఎత్తుకోవాలంటే ఎవరైనా మొదటి కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టుకోవాల్సి వస్తోందట. ముసలమ్మకు మాత్రం పుస్తకం తల కింద పెట్టుకుంటే మెత్తగా ఉందట.

మిగిలిన తోలుతో పాప రికార్డు పుస్తకానికి అట్ట కుట్టాం. ఈసారి ఆముదం లేదు. తేనెమైనం కొద్దిగా, అది కూడా పైవైపే. లోపల అదే ఆకుపచ్చ చీర. ఇక ఆ తోలులో కిర్రు చెప్పులకు సరిపడా ముక్క లేదు. అది చూసి నాకు కొంచెం బాధగానే అనిపించింది. మామే అన్నాడు, ఈ కాలం పిల్లగాండ్లు బూట్లు వేసుకుంటరు తియ్యి అని.

మొన్న పాప సెలవుకు వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని తాత మంచం మీద, కాళ్ళ వైపు పెట్టి బయటికి పోయింది. మామ కునుకు తీసి లేచి, కాళ్ళు కిందికి దించుతుంటే మడమ పుస్తకానికి తగిలింది. నేను గడప దగ్గర చిక్కుడుకాయ గిల్లుతున్నాను. ఆయన ఆగిపోయాడు. జన్మంతా ఆయన పదిమంది కాళ్ళకు తొడిగింది అలాంటి తోలునే. వంగి, ఆ తోలును కుడి చేత్తో ముట్టుకుని, ఒక కంటికీ ఇంకో కంటికీ అద్దుకున్నాడు. తర్వాత ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇంక జర వాసనుంది కోడలా," అన్నాడు. "ఎండల పెట్టు."

లేచి పోయి పుస్తకాన్ని తీసుకున్నాను. తూర్పు గోడ దగ్గర, ఆయన రాతి బండ మీదే ఎండ బాగా పడుతోంది. అక్కడ పెట్టనా అని అడిగాను. పెట్టమన్నాడు.